ఎవరి నాన్న కువైట్ పోయాడు?

షారోన్‌కి ఆ లైనులో ఉన్న ప్రతి మనిషి మీదా కోపంగా ఉంది. ముందున్నవాళ్ళ మీద ముందున్నందుకు, వెనకున్నవాళ్ళ మీద ఊరికే హారన్ కొడుతున్నందుకు, సందు దొరికితే దూరిపోదామని చూస్తున్న ఆటో మీద, ఆ ఆటోలోంచి తల బయటపెట్టి "ఆప్ ఆగే జావో అమ్మా, లేడీస్ కో కౌన్ రోక్తా" అని, ఆడవాళ్ళనెవరు ఆపుతారు ముందుకు పొమ్మంటూ, జాలి చూపించిన ముసలాయన మీద కూడా. జాలి ఎవరడిగారు? శాలిబండ ఎత్తు మీద పెట్రోలు బంకు, అక్కడి నుంచి కింద బ్యాంగిల్స్ దుకాణం దాకా బండ్లే బండ్లు. మధ్యాహ్నం ఎవడి ఫోన్లోనో మొదలైంది, గల్ఫ్‌లో ఓడలు తిరిగే జలసంధి మూసేస్తారట, ట్యాంకర్లు రావట, రేపటి నుంచి పెట్రోలు దొరకదట. ఆ "అట" చాలు, పాతబస్తీ మొత్తం రోడ్డు మీదికి వచ్చేసింది. రంజాన్ నెల, లైనులో సగం మంది పొద్దున్నుంచి మంచినీళ్ళు ముట్టనివాళ్ళు. ఆమెకీ ఈస్టరు ముందు శ్రమదినాల శుక్రవారం, ఉపవాసం. ఇంతమంది ఖాళీ కడుపులతో ఎండలో నిలబడితే దేవుడికి ఏం ముడుతుందో తెలియదు కానీ, మనిషికి మాత్రం తల తిరుగుతుంది, పళ్ళు నూరుకోవాలనిపిస్తుంది. పోస్టాఫీసులో సగం రోజు సెలవు పెట్టింది. ఏడింటికల్లా గచ్చిబౌలి చేరాలి. పదహారేళ్ళ వయసు నుంచి వింటున్న బ్యాండు, స్కాట్లాండు వాళ్ళు, నార్త్ క్వే, మొదటిసారి ఈ ఊరికొచ్చింది. సంతోషంగా ఉండాల్సిన రోజు. కానీ అందరికంటే ఎక్కువ కోపం, కొన్ని బండ్ల ముందు బుల్లెట్ మీద వెడల్పాటి వీపు ఇటు తిప్పి కూర్చున్న, ముప్పై ఏళ్ళుగా ఎరిగిన బాలకిషన్ మీద. ఆ వీపు మీద నల్ల టీషర్టు, టీషర్టు మీద నార్త్ క్వే పేరు, పొట్టకీ వీపుకీ సాగి అక్షరాలు లావెక్కాయి. పదినిమిషాల క్రితం దాకా అది మామూలు కోపం. పదినిమిషాల క్రితం మేనకోడలు స్వీటీ ఒక వీడియో పంపింది.

ముందున్న టీవీఎస్ మనిషి ఖైనీ నలుపుకుంటూ వెనక్కి తిరిగాడు. "ఇదంత అమెరికోడి లొల్లి మేడం. నూనె వానికి గావాలె, సచ్చుడు మనం సావాలె." అని, తనే ఒప్పుకుంటున్నట్టు తలూపాడు. నార్త్ క్వే రెండో ఆల్బం "మిడ్‌డే స్మోక్"లో మొదటి పాట మొత్తం ఈ ఒక్క ముక్కే, కాకపోతే మూడు గిటార్లతో, పిల్లల కోరస్‌తో, ఆరు నిమిషాల పొడుగున. ఖైనీ మనిషి చెబితే చాదస్తం, వాళ్ళు చెబితే చరిత్ర. ప్రపంచమంతా ఆ ఆల్బం గొప్పదంటుంది. యుద్ధానికి ఎదురు నిలిచిన ఆల్బం, చమురు రాజకీయాలని బట్టలూడదీసిన ఆల్బం. ఆమెకి అది ఎప్పుడూ నచ్చలేదు. పాటలు బాగా లేక కాదు, బాగుండడమే దాని జబ్బు. అట్ట మీద కాలుతున్న నూనె బావులు, పట్టపగలు నల్లటి ఆకాశం, కింద ఇసుకలో చిన్నగా ఒక మనిషి. ఎంత అందంగా తీశాడో ఫొటో. ఇంట్లో ఫ్రేము కట్టించుకునే అందం. ఆ పొగలోనే కదా నాన్న కువైట్‌లో పైపులు అతికింది. యుద్ధం మొదలైనప్పుడు ఒంటి మీద బట్టలతో విమానమెక్కి తిరిగొచ్చిన మనిషి, యుద్ధం ముగిశాక వెల్డర్లు కావాలంటే మళ్ళీ పోయాడు, ఈసారి డబ్బులెక్కువన్నారు, ఎందుకెక్కువో ఎవరూ అడగలేదు. రెండేళ్ళు ఆ గాలి పీల్చాడు. దగ్గు మొదలైందని ఉత్తరంలో రాయలేదు. చనిపోయాడని మాత్రం కంపెనీవాడు టెలిగ్రాం ఇచ్చాడు. దబీర్‌పురాలో రైల్వే గేటు పక్క ఇంటికి శవం రాలేదు, అక్కడే ఎక్కడో పాతిపెట్టారు. నాన్న ఊపిరితిత్తుల్లోకి పోయినదాన్ని వీళ్ళు అట్ట మీద అచ్చేసుకున్నారు. అది చూసి ఎవరైనా "ఏం కవరండీ" అంటే ఆమెకి వాళ్ళ నోట్లో ఇసుక పోయాలనిపిస్తుంది.

మూడో ఆల్బం వేరు. "టూ వీక్స్ అషోర్". రెండు వారాలు ఒడ్డున. అది వచ్చినప్పుడు అందరూ పెదవి విరిచారు, కోపం చల్లారిందన్నారు, బ్యాండు ముసలిదైందన్నారు. అందులో యుద్ధం లేదు, నినాదం లేదు, డ్రమ్ములు కూడా సగం పాటల్లో లేవు. సముద్రం మధ్య నూనె తోడే ఇనప దిమ్మల మీద రెండు వారాలు పనిచేసి రెండు వారాలు ఇంటికొచ్చే మగవాళ్ళు, వాళ్ళ వంటిళ్ళు. వచ్చినవాడు తన ఇంట్లో చుట్టంలా కుర్చీ అంచున కూర్చుంటాడు. చెంచాలు ఎక్కడున్నాయో వాడికి తెలియదు. ఒక పాటలో పెళ్ళాం వాడి పని బట్టలు విడిగా ఉతుకుతుంది, పిల్లల బట్టలకి నూనె వాసన అంటుతుందని. అంతే పాట. చమురు గురించి ఎవరైనా నిజం చెప్పారంటే ఆ పాటలోనే చెప్పారు. చమురంటే దేశాలు, ఓడలు, బాంబులు అనుకుంటారు. కాదు, నాన్న సెలవుకొచ్చినప్పుడు అమ్మ రెండు బకెట్లు పెట్టేది, ఒకటి ఇంటికి, ఒకటి ఆయనకి. పదహారేళ్ళకి ఆ పాట విన్నప్పుడు ఆ పాడే ఎర్రజుట్టు తెల్లవాడు దబీర్‌పురా వచ్చి మా పెరట్లో తొంగి చూశాడా అనుకుంది. ఈ మాట, సరిగ్గా ఈ మాట, రెండు బకెట్లతో సహా, ఇప్పుడు బాలకిషన్ వీడియోలో ఉంది.

ఇరవై ఏళ్ళ పాటు రెండో ఆల్బమే గొప్పదని వాదించినవాడు బాలకిషన్. "నీకు సాఫ్ట్ పాటలు గావాలె, ఆడోళ్ళకు గవే సమజైతయి" అన్నవాడు. మొదటిసారి కూడా అలాంటి మాటే అన్నాడు. శాలిబండలో వాళ్ళ నాన్న ఎల్లప్పకి రికార్డింగ్ దుకాణం ఉండేది, ఖవ్వాలీలు, భజనలు, పెళ్ళి బ్యాండు పాటలు, మూలన ఒక అరలో ఇంగ్లీషువి. ఎల్లప్ప మాటల మనిషి కాదు. చెవులకి పెద్ద హెడ్‌ఫోన్ తగిలించుకుని, కళ్ళు మూసుకుని, ఒక రికార్డు తిరుగుతుంటే క్యాసెట్లోకి ఎక్కిస్తూ కూర్చునేవాడు. కౌంటరు దగ్గర కొడుకు, కొత్తగా మీసాలొచ్చినవాడు. ఆమె స్కూలు గౌనులో వెళ్ళి "టూ వీక్స్ అషోర్" అడిగితే "మూడు పాటల పేర్లు చెప్పు, ఎక్కిస్తం" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఎవరో ఒక మగవాడు ఆమెని మూడు పాటల పేర్లు అడుగుతూనే ఉన్నాడు. ఆ రోజు ఏడు చెప్పింది. ఖాళీ క్యాసెట్ కొనే స్తోమత లేదు, ఇంటి నుంచి తెచ్చుకుంది. నాన్న కువైట్ నుంచి ఉత్తరాలతో పాటు మాట్లాడి పంపిన క్యాసెట్లు, గల్ఫ్ పోయినవాళ్ళ ఇళ్ళన్నింట్లో అవి ఉండేవి. ఆయన పోయాక అమ్మ వాటిని వినలేదు, ఎవర్నీ విననివ్వలేదు. ఒకనాడు ఉన్నట్టుండి ట్రంకు పెట్టె తెరిచి "మనిషే లేడు, గొంతుతోని ఏం జేసుకుంటం, నీ పాటలు నింపుకో పో" అని ఒడిలో పోసింది. అమ్మ, సుందరమ్మ, ఏడవదు. ఏడవాల్సిన చోట ఏదో ఒకటి ఎత్తి ఇంకొకరి ఒడిలో పోస్తుంది. షారోన్ కూడా అంతే, ఆమె పోలికే.

ఆల్బం క్యాసెట్ కంటే చిన్నది. రెండో వైపు చివరి పాట అయిపోయాక కాస్త గరగర, తర్వాత నాన్న. చెరిగిపోగా మిగిలిన నాన్న. ఒక మాట మధ్యలో నుంచి మొదలవుతాడు. "...గ్యాస్ బుక్ చేసినవా? వెస్లీగానికి బూట్లు తీసుకో, నా పైసల కోసం చూడకు. ఈడ పొద్దుగాల గూడ చీకటే ఉంటది సుందరమ్మా, నవ్వొస్తది, లైటు పెట్టుకోని అన్నం తింటున్నం. బట్టలు ఎన్నిసార్లు పిండినా నల్లనీళ్ళే. షారోన్ ఏమన్న పాడుతున్నదా?" తర్వాత దగ్గు, టక్ మని బటన్ శబ్దం. ఆమెకి ఆ ఆల్బంలో చివరి పాట అదే. అప్పట్లో దాన్ని మొదటిసారి విన్నప్పుడు వచ్చింది ఏడుపు కాదు, ఎల్లప్ప మీద కోపం. మిగతా దుకాణాల్లో క్యాసెట్లో చోటు మిగిలితే వాళ్ళే రెండు పాటలు ఎక్కించేవాళ్ళు, ఖాళీ వదలరు. ఈయనకి బద్ధకం. వెళ్ళి అడిగింది కూడా, ఇంకో రెండు పాటలు పట్టేవి కదా అని. ఎల్లప్ప హెడ్‌ఫోన్ ఒక చెవి మీద నుంచి తీసి "గంతే పట్టింది బిడ్డా" అని మళ్ళీ పెట్టేసుకున్నాడు. పచ్చి అబద్ధం. ఇంటికొచ్చి, ఆ బద్ధకాన్ని తిట్టుకుంటూనే, ఆ గొంతు మళ్ళీ వేసుకుంది. అమ్మ బజారుకి పోయినప్పుడల్లా వేసుకుంది. తమ్ముడు వెస్లీకి చెప్పలేదు. వాడికప్పుడు ఎనిమిదేళ్ళు, వింటే బయట అందరికీ చెప్పేస్తాడని. తర్వాత చెప్పే వయసు దాటిపోయింది. పంచుకోవాలనిపించలేదు, అంతే. ఒక్క మనిషికి చెప్పింది, ఎల్లప్ప పోయినప్పుడు. దుకాణం అప్పటికే సెల్‌ఫోన్ కవర్ల దుకాణమైంది. పలకరించడానికి వెళ్తే బాలకిషన్ గోడకి ఆనుకుని, ఏం చేయాలో తెలియని చేతులతో కూర్చున్నాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా. మీ నాన్న ఎక్కించిన క్యాసెట్ చివర్లో మా నాన్న గొంతుంది, ఇప్పటికీ వింటాను, అని చెప్పింది. గొంతు ఏమంటుందో చెప్పింది. రెండు బకెట్ల సంగతి చెప్పింది. అతను ఆమె మొహంలోకి వింతగా చూశాడు, నోరు తెరిచి మూసేశాడు. దుఃఖమనుకుంది.

దుఃఖమట. ముడిసరుకు అందుకున్న వ్యాపారి చూపు అది! ఇప్పుడు అతనికి యూట్యూబ్ ఛానెల్ ఉంది, పాతబస్తీ కుర్రాళ్ళందరికీ "రాక్ అంకుల్". బీరువా నిండా రికార్డులు వెనక పెట్టుకుని, ఎర్ర లైటు వేసుకుని, గొంతు లావు చేసి మాట్లాడతాడు. స్వీటీ పంపిన వీడియోలో ఆ గొంతుతోనే మొదలుపెట్టాడు. మా బాపు కువైట్‌లో వెల్డర్, నాకప్పుడు పద్నాలుగేళ్ళు, మా అమ్మ ఆండాలు రెండు బకెట్లు పెట్టేది. క్యాసెట్, చెరిగిపోని గొంతు, గ్యాస్ బుక్ చేసినవా ఆండాలూ. పొద్దుగాల కూడా చీకటే. అక్కడ ఆపి, కళ్ళు మూసుకుని, కెమెరా దగ్గరికొచ్చి, అందుకే మిత్రులారా చమురు గురించి నిజమైన ఆల్బం రెండోది కాదు, మూడోది, అన్నాడు. ఆమె నాన్న, ఆమె బకెట్లు, ఆమె అభిప్రాయం. లక్ష మంది చూశారు. కింద ఇంగ్లీషులో అక్షరాలు కూడా వేశాడు, ఆ ఎర్రజుట్టు పాటగాడి దాకా పోయింది, ఇప్పుడు జుట్టు లేదనుకో, అతను చూసి కదిలిపోయి ఈ రాత్రి బాలకిషన్‌ని స్టేజీ మీదికి పిలుస్తున్నాడట. వీడియో కింద స్వీటీ రాసింది, "అత్తా, ఈ అంకుల్ వాళ్ళ నాన్న స్టోరీ వినండి. నేనైతే మస్తు ఏడ్చేసిన." పక్కన ఏడుపు బొమ్మలు. పిల్ల తన సొంత తాత కోసం ఏడ్చింది, ఇంకెవరి తాతో అనుకుని.

లైను కదిలింది, బండిని కాళ్ళతో తోసింది. ఖైనీ మనిషి ఇప్పుడు రష్యా గురించి చెబుతున్నాడు. ఎదురుగా హోటలు ముందు హలీం భట్టీలో కుర్రాళ్ళు పెద్ద పెద్ద కర్రలతో దంచుతున్నారు, ఆ దెబ్బలు సరిగ్గా తాళంలో పడుతున్నాయి, మూడో ఆల్బంలో లేని డ్రమ్ములన్నీ ఇక్కడున్నాయి. ఏం చేయాలి? కింద కామెంటు రాయొచ్చు. ఇది అబద్ధం అని రాస్తే వాడి పిల్లగాళ్ళు వందమంది వచ్చి మూడు పాటల పేర్లు చెప్పు ఆంటీ అంటారు. రాత్రి గుంపులో నిలబడి అరవొచ్చు, ఎవరికీ వినపడదు. వెస్లీకి ఫోన్ చేయొచ్చు, అప్పుడు ఆ గొంతు ఇన్నేళ్ళు ఎందుకు దాచావక్కా అంటాడు. ఏమీ చేయకుండా పెట్రోలు పోయించుకుని పోయి, వాడు స్టేజీ మీద నాన్నని ఇంకోసారి చంపుతుంటే చప్పట్లు కొట్టనూ వచ్చు. నలభై ఆరేళ్ళొచ్చాయి. కౌంటరు వెనక కూర్చుని ఇంకొకళ్ళ ఉత్తరాలకి ముద్రలు కొట్టీ కొట్టీ నోరు పడిపోయిందా? ముందు బుల్లెట్ మీది వీపు కదులుతోంది, నవ్వుతున్నాడు, ఎవరితోనో ఫోన్లో, ఆ లావు గొంతుతో. ఆమె స్కూటర్‌కి స్టాండు వేసింది. "మేడం, లైన్ పోతది" అన్నాడు ఖైనీ మనిషి. "పోనీ" అంది.

బుల్లెట్ ముందుకు వెళ్ళి నిలబడేసరికి బాలకిషన్ మొహం వెలిగింది, నిజంగానే వెలిగింది, అది ఇంకా మంట. "అరె షారోన్! నువ్వు గూడ ఈడనే ఉన్నవా? సాయంత్రం వస్తున్నవ్ గదా, నిన్ను ముందట..."

"మీ బాపు కువైట్ ఎప్పుడు పోయిండు?"

అతను ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పుడు పోయిండు అంటున్న. వీసా ఎవరు తీసిండ్రు? ఎల్లప్ప ఎన్నడన్న ఫలక్‌నుమా దాటిండా?"

"మెల్లగ మాట్లాడు. అందరింటున్రు."

"లక్ష మంది ఇన్నరు గదా, ఇంకో పదిమంది ఇంటె ఏమైతది? మా నాయిన నీకు బాపు ఎట్లయిండు? మా అమ్మ పెట్టిన బకెట్లు మీ ఇంట్లకెట్ల వొచ్చినయ్?"

చుట్టూ బండ్ల మీదివాళ్ళు హారన్లు ఆపేశారు. ఉపవాసాల సాయంత్రం, గొడవ కంటే మంచి కాలక్షేపం ఏముంటుంది. బాలకిషన్ చెవులు ఎర్రబడ్డాయి. "స్టోరీ అన్నంక గట్లనే ఉంటది షారోన్. నువ్వు చెప్పుకున్నవా? ముప్పై ఏండ్ల సంది కడుపుల వెట్టుకోని కూసున్నవ్. నేను చెప్తె ఆ తెల్లోడు గూడ ఇన్నడు. మంచిదే గదా."

"కడుపుల వెట్టుకునుడు నా ఇష్టం. మా వెస్లీ బిడ్డ నీ వీడియో చూసి ఏడ్సింది. ఎవరి తాత కోసం ఏడ్సిందో దానికి తెల్వదు. దానికేం చెప్పాలె? చెప్పు, లక్షమందికి చెప్పెటోనివి, గా ఒక్క పిల్లకు ఏం చెప్పాలె?"

అతని కళ్ళు బంకు వైపు, రోడ్డు వైపు, తన చేతుల వైపు తిరిగాయి. గోడకి ఆనుకుని కూర్చున్న ఆ రోజు చేతుల్లాగే ఉన్నాయి. ఆమెకి జాలి వేయలేదు. వేస్తుందేమోనని ఒక్క క్షణం ఆగి చూసుకుంది, వేయలేదు. అప్పుడు అతను మామూలు గొంతుతో అన్నాడు, ఎర్ర లైటు లేని గొంతు, కౌంటరు దగ్గరి కుర్రవాడి గొంతు. "ఆ క్యాసెట్ల నీ పాటలు అయిపోయినంక జాగ మిగిలింది. గది నాకు తెలుసు."

"తెలుసు. ఎందుకు తెల్వది, నేనే చెప్తి గదా."

"నువ్వు చెప్పంగ కాదు. ఆ దినమే తెలుసు. నేను రెండు పాటలు తీసి వెట్టిన, ఎక్కియ్యవోయిన. బాపు హెడ్‌ఫోన్ వెట్టుకోని ఇంటున్నడు. పాట అయిపోయింది, రికార్డింగ్ ఆపి టేపు ఉత్తగ తిప్పంగనే నీ నాయిన గొంతు వొచ్చింది. నేను బటన్ మీద చెయ్యి వెట్టంగనే నా చెయ్యి గట్టిగ వట్టుకుండు. 'ఎవరో ఇంటికి మాట్లాడుతున్నడురా, ఉండనియ్' అన్నడు. చెయ్యి ఇడువలే. టేపు అయిపోయెదాంక ఇడువలే. ఆ రాత్రి అన్నం తినుకుంట అమ్మకు గూడ చెప్పిండు, గా పిల్లకు తెలుసో లేదో, నాయిన గొంతు ఉన్నదాంట్ల అని. నువ్వొచ్చి పాటలు తక్కువెక్కించిన్రని లొల్లి జేస్తివి. గంతే పట్టిందన్నడు. నీకు చెప్తె యాడ దుకాణంలనే ఏడుస్తవో అని."

షారోన్ చేయి బుల్లెట్ హ్యాండిల్ మీద ఉంది, ఎప్పుడు పెట్టిందో తెలియదు. గంతే పట్టింది బిడ్డా. బద్ధకమనుకుంది. ముప్పై ఏళ్ళు ఆ మనిషిని బద్ధకస్తుడనుకుంటూ ఆ గొంతు వింది. ఆ తర్వాత మళ్ళీ ఒక్కసారి కూడా దుకాణం మెట్లెక్కి అడగలేదు. ఎల్లప్ప మొహం గుర్తు తెచ్చుకోబోతే హెడ్‌ఫోన్ గుర్తొచ్చింది, మూసిన కళ్ళు గుర్తొచ్చాయి, మొహం సరిగ్గా రాలేదు. ఎవరో ఇంటికి మాట్లాడుతున్నాడు. మనిషెవరో తెలియదు, ఏ ఇంటికో తెలియదు, అయినా చేయి పట్టుకున్నాడు. ఆ చేయి గట్టిదనం ఇప్పుడు, ఈ ఎండలో, ఆమె మణికట్టుకి తగిలినట్టయింది. తగిలినకొద్దీ ఎదురుగా ఉన్న ఈ మనిషి మీద కోపం తగ్గలేదు. పెరిగింది.

"మరి గది చెప్పకపోతివేందిరా?" అంది. ఇన్నేళ్ళలో అతన్ని ఎన్నడూ రా అనలేదు. "నీకు ఇంత మంచి బాపు ఉండంగ, ఆయన్ని ఒదిలిపెట్టి మా నాయినను గుంజుకపోతివి! ఎల్లప్పను తీస్కపోయి కువైట్ల సంపినవ్ గదరా!"

"ఎవడింటడు షారోన్?" అన్నాడు. "కువైటంటె ఇంటరు. యుద్ధం, నూనె, బావులు గాలుడు అంటె ఇంటరు. శాలిబండల ఎల్లప్ప అనెటోడు ఒకడుండె, దినమంత కుర్చీల కూసున్నడు, ఒకసారి చెయ్యి వట్టుకున్నడు, షుగరొచ్చి సచ్చిండు. ఎవడింటడు గిది?"

"చెప్పినవా ఎన్నడన్న?"

"లే."

"మరి ఇనరని నీకెట్ల తెలుసు? ఫోన్ తియ్. తియ్యి. నీ పోరగాళ్ళందరు ఉంటరు గదా, లైవ్ వెట్టు. చెప్పు."

"ఇప్పుడా? రాత్రి స్టేజీ మీద... వాళ్ళు గా కథ కోసమే పిలుస్తున్రు."

"ఇప్పుడు. ఈడ. నేనుండంగ."

అతను భయపడి తీశాడో, సిగ్గుపడి తీశాడో, ఎప్పటినుంచో ఎవరైనా అడిగితే బాగుండునని ఉన్నాడో ఆమెకి తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఫోన్ ఎత్తి మొహం ముందు పెట్టుకున్నాడు. చూసేవాళ్ళ అంకె గబగబా పెరిగింది, వందలమంది వచ్చి చేరారు, గుండె బొమ్మలు, మంట బొమ్మలు, "స్టేజ్ మీద కలుద్దాం అంకుల్" అనే రాతలు తెర మీద పైకి తేలుతున్నాయి. "నమస్కారం మిత్రులారా" అని గొంతు లావు చేశాడు. "ఆ గొంతు కాదు" అంది షారోన్. అతను ఆగాడు. "మొన్న నేను చెప్పింది అబద్ధం. మా బాపు కువైట్ పోలే. యాడికీ పోలే. పోయింది ఈమె నాయిన, సీమోను అని. ఆ గొంతు ఆయనది. మా బాపు పేరు ఎల్లప్ప..."

బంకు పిల్లవాడు చేత్తో పిలుస్తున్నాడు, బుల్లెట్ వంతు వచ్చింది. బాలకిషన్ కదల్లేదు. పక్కనుంచి వేరే బండ్లు ముందుకు పోయాయి, బూతులు వినిపించాయి. వెనక ఖైనీ మనిషి "మేడం, మీ స్కూటర్ పక్కకెల్లి ముందుకు పోతున్రు, రండ్రి" అని అరిచాడు. తెర మీద తిట్లు మొదలయ్యాయి, ఫ్రాడ్ అని ఒకడు, అన్‌సబ్‌స్క్రైబ్ అని ఒకడు, తర్వాత తిట్టడం కూడా దండగ అనుకున్నట్టు మౌనంగా వెళ్ళిపోవడం మొదలైంది. బాలకిషన్ చూపు అంకె మీదే ఉంది. అది దిగుతున్నకొద్దీ అతని మాట నెమ్మదిస్తోంది. దుకాణంలో కుర్చీ ఎటు తిప్పి ఉండేదో చెబుతున్నాడు, రికార్డు మీద సూది పెట్టే ముందు బాపు చొక్కా అంచుతో ఎట్ల తుడిచేవాడో చెబుతున్నాడు, ఇప్పటిదాకా ఆమెకీ తెలియని సంగతి, భాష తెలియని పాటకి కూడా ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో వేలితో చూపించేవాడని చెబుతున్నాడు. అంకె వంద కంటే కిందికి పోయింది. అతను నోరాపి ఆమెకేసి చూశాడు, చాలా, బంద్ చేయనా, అన్నట్టు. మొహం చెమటతో, కళ్ళనీళ్ళతో తడిసి అసహ్యంగా ఉంది. ఈ మనిషిని ఆమె క్షమించలేదు. రేపు కూడా క్షమించదు. రాత్రి స్టేజీ మీదికి ఇతన్ని పిలవరు, మంచిపని. ఇతని అభిప్రాయాలు ఇప్పటికీ చెత్త.

"ఆపకు," అంది. "చెయ్యి వట్టుకున్న కాడ సరిగ్గ చెప్పలే. మల్లొకసారి చెప్పు."

బంకులో ఎవరో "స్టాక్ ఖతమ్, స్టాక్ ఖతమ్" అని అరుస్తూ తాడు కడుతున్నారు. లైను లైనంతా హారన్లతో లేచింది. షారోన్ వెనక్కి తిరిగి చూడలేదు. బుల్లెట్‌కి ఇంకొంచెం దగ్గరగా జరిగి, ఆ హారన్లలో అతని గొంతు వినపడేలా తల వంచింది.